మిరియం ఒంటరిగా పనిచేయదు: తిరుపతి పొంగలి నుంచి పసుపు మాత్ర దాకా

తిరుపతి గుళ్ళలో పొంగలి ప్రసాదం తినేవాళ్ళను గమనిస్తే రెండు వర్గాలు కనిపిస్తాయి. దొన్నెలోంచి మిరియాలు ఏరి అంచున పెట్టేసేవాళ్ళు ఒక వర్గం. పంటి కింద పడ్డ గింజను పటుక్కున కొరికి, ఆ ఘాటు గొంతులోకి దిగాక తర్వాతి ముద్ద తీసుకునేవాళ్ళు ఇంకో వర్గం. తమాషా ఏమిటంటే, గింజలన్నీ ఏరేసినా పొంగలి చప్పగా ఉండదు. వాటి ఘాటు అప్పటికే కొంత నేతిలోకి దిగి, నేతితోపాటు అన్నమంతా పరుచుకుని ఉంటుంది.

ఈ చిన్న సంగతి అర్థమైతే మిరియం గురించి చాలా సంగతులు అర్థమవుతాయి. వంటింట్లో అయినా, ఒంట్లో అయినా మిరియం ఒంటరిగా చేసే పని తక్కువ. తోడుగా ఏముందన్నదాన్ని బట్టే దాని బలం. ఫోన్లలో తిరిగే ఆరోగ్య సందేశాలు ఈ ఒక్క విషయాన్నే వదిలేస్తాయి. రోజూ పరగడుపున నాలుగు మిరియాలు మింగితే కొవ్వు కరుగుతుందనీ, షుగర్ తగ్గుతుందనీ, క్యాన్సర్ రాదనీ చెబుతాయి.

మిరియానికి ఘాటునిచ్చే పదార్థం పేరు పైపెరిన్. ఎండు మిరియంలో ఇది సుమారు 5 నుంచి 9 శాతం ఉంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఎర్‌స్టెడ్ దీన్ని 1819లో వేరుచేశాడు. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని ఆ మరుసటి ఏడాది చూపించినవాడూ ఆయనే. పైపెరిన్‌కు ఒక మొండి గుణం ఉంది. అది నీళ్ళలో దాదాపు కరగదు. ఒక్క గ్రాము కరగాలంటే పాతిక లీటర్ల దాకా చల్లటి నీళ్ళు కావాలి. నూనెలో, నేతిలో, సారాయిలో మాత్రం తేలిగ్గా కలిసిపోతుంది. మిరియం వాసనది మరో దారి. ఆ వాసన ఇచ్చే తైలాలు వేడికి ఇట్టే ఆవిరైపోతాయి. ఘాటుకేమో కొవ్వు కావాలి, వాసనకేమో తక్కువ వేడి కావాలి. మిరియంతో చేసే ఏ వంటలోనైనా మెలకువ ఈ రెంటినీ సర్దుకోవడంలోనే ఉంది.

పొంగలి పోపునే చూడండి. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించడం ఎవరికైనా వస్తుంది. తేడా అంతా పోపులో వస్తుంది. నెయ్యి కాగాక ముందు మిరియాలు పడాలి, అవి కాస్త ఉబ్బాక జీలకర్ర. జీలకర్ర తొందరగా మాడుతుంది కాబట్టి వరుస తిరగేస్తే ఒకటి మాడి, ఇంకోటి పచ్చిగా ఉండిపోతుంది. ఆ తర్వాత అల్లం, జీడిపప్పు, కరివేపాకు, చిటికెడు ఇంగువ. మిరియాలు నిండు గింజలుగా వేస్తే ఘాటు నెమ్మదిగా దిగుతుంది, ఏరేసేవాళ్ళకు పని దొరుకుతుంది. రోట్లో ఒక్క పోటు వేసి రెండు ముక్కలయ్యేలా దంచితే ఘాటు నేతిలోకి ఎక్కువగా వస్తుంది, తినేవాళ్ళకు గట్టి గింజ తగలదు. రెంటిలో రెండోదే మేలు. మెత్తటి పొడిని కాగిన నేతిలో వేయడం మాత్రం తప్పు. అది క్షణంలో మాడి చేదెక్కుతుంది, ఇంటిల్లిపాదీ దగ్గుతారు. పొడి వేయాలనుకుంటే పొయ్యి కట్టేశాక పైన చల్లుకోవాలి.

నెయ్యి తగ్గించి చేసిన పొంగలి ఎందుకు తేలిపోతుందో కూడా ఇందులోనే తెలుస్తుంది. ‘డైట్’ పేరుతో అర చెంచా నెయ్యి వేసి, రుచి రాలేదని మిరియాలు రెట్టింపు చేసేవాళ్ళున్నారు. అలా చేస్తే కొరికినచోట మంట, మిగతా చోట చప్పదనం తప్ప ఒరిగేదేమీ లేదు.

మిరపకాయ రాకముందు

ఇప్పుడు రాయలసీమ వంట అంటే అందరికీ ఎర్రకారమే గుర్తొస్తుంది. ఎర్రకారం దోశ, ఊరుబిండి, నాటుకోడి పులుసు అన్నిటికీ మిరపకాయే ఆధారం. కానీ మిరపకాయ ఈ నేలది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. వాస్కోడగామా కాలికట్ తీరానికి చేరింది 1498లో, అదీ మిరియాల వేటలో. తాళ్ళపాక అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. అంటే ఆయన జీవితమంతా చూసిన కొండ మీది వంటశాలలో మిరపకాయ లేదు. కారం అంటే మిరియమే, తోడుగా శొంఠి, అల్లం, ఆవాలు.

తిరుమల, తిరుపతి ఆలయాల గోడల మీద చెక్కిన శాసనాలను దేవస్థానం 1930లలో సంపుటాలుగా అచ్చువేయించింది. ఎక్కువ భాగం తమిళంలో ఉన్న ఆ శాసనాల్లో రాజుల బిరుదులు ఎన్ని ఉన్నాయో, సరుకుల జాబితాలూ అన్ని ఉన్నాయి. ఒక దాత ఫలానా రోజు ఫలానా నైవేద్యం పెట్టించాలని భూమో, సొమ్మో ఇస్తాడు. ఆ నైవేద్యానికి బియ్యం ఎంత, నెయ్యి ఎంత, పెసరపప్పు, ఉప్పు, మిరియాలు, కూరలు, పెరుగు, బెల్లం ఎంతెంత, చివర వక్కలు, తమలపాకులు ఎన్ని అన్నది కొలతలతో సహా రాతి మీద రాయిస్తారు. తెలుగువాళ్ళ వంట చరిత్ర రాయదలచినవాళ్ళకు ఇంతకంటే నమ్మకమైన ఆధారం దొరకడం కష్టం. పాకశాస్త్ర గ్రంథాలు ఎలా వండితే బాగుంటుందో చెబుతాయి. శాసనం మాత్రం ఆ రోజు నిజంగా కొలిచి ఇవ్వాల్సిన సరుకు చెబుతుంది.

గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మిరియం తీగ పెరిగే చోటు పడమటి కనుమలు. దానికి నీడ, తేమ, ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల దాకా వాన కావాలి. చిత్తూరు వైపు పడే వాన అందులో సగానికి అటూఇటూగా ఉంటుంది. వేరుశనగ, మామిడి, చెరకు పండే నేల ఇది, మిరియం పండే నేల కాదు. అయినా ఐదారు వందల ఏళ్ళ కిందటే కొండ మీది నైవేద్యాలకు మిరియాలు క్రమం తప్పకుండా కావలసి వచ్చాయంటే, పడమటి తీరం నుంచి ఇటు వర్తకం ఎంత నిలకడగా సాగేదో ఊహించవచ్చు. ఇప్పటికీ ఇక్కడి అంగళ్ళకు మిరియాలు బయటి నుంచే వస్తాయి. దేశంలో ఎక్కువగా పండించేది కర్ణాటక, కేరళ. మన రాష్ట్రంలో చూస్తే అరకు, చింతపల్లి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించి పెంచుతున్నారు. ఆ పంట గిరిజన రైతుకు కాఫీతోపాటు వచ్చే రెండో ఆదాయం.

మిరపకాయ వచ్చాక ఇళ్ళలో మిరియం వెనక్కి తగ్గింది. మిరప పెరట్లో పండుతుంది, చవక, పైగా మంట ఎక్కువ. ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో మిరప మంటకు కారణమైన క్యాప్సైసిన్‌తో పోలిస్తే పైపెరిన్ బలం వందో వంతు మాత్రమే. అలాంటి పోటీలో మిరియం ఓడిపోవడం వింతేమీ కాదు. వింత ఏమిటంటే, అది కొన్ని చోట్ల గట్టిగా నిలబడిపోయింది. గుడి నైవేద్యం, ఇంట్లో పితృకార్యాల వంట, బాలింత పథ్యం, జ్వరం తగ్గినవాళ్ళ తొలి ముద్ద. ఈ నాలుగూ ఆచారం మారడానికి ఒప్పుకోని చోట్లు. తద్దినం రోజు మిరపకాయ మాని మిరియంతో వండే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అది నియమంగా కనిపిస్తుంది గానీ, నిజానికి మిరపకాయ రాకముందటి వంట ఎలా ఉండేదో ఏడాదికొకసారి మళ్ళీ చూడడమే.

వడ, చారు, దద్దోజనం

కొండ మీద లడ్డూకు ఉన్న పేరు వడకు లేదు, కానీ వంట తెలిసినవాళ్ళు వడనే ఎక్కువ మెచ్చుకుంటారు. ఆంజనేయస్వామికి వేసే వడమాలలోని వడలదీ అదే వంశం. పొట్టుతో ఉన్న ఉద్దిపప్పు, మిరియం, జీలకర్ర, ఉప్పు ఉంటాయి, ఉల్లి ఉండదు. హోటల్ వడలా ఉబ్బి మెత్తగా ఉండడం దీని లక్ష్యం కాదు. నీళ్ళు దాదాపు లేకుండా బరకగా రుబ్బి, పలచగా తట్టి, సన్నటి సెగ మీద తేమంతా పోయేదాకా కాలుస్తారు. తేమ లేదు కాబట్టి రోజుల తరబడి నిలవుంటుంది, ప్రయాణాల్లో చెడదు. ఇంట్లో చేసేవాళ్ళు ఒక జాగ్రత్త మరవకూడదు. నిండు మిరియం పిండిలో ఉంటే నూనె వేడికి లోపలి తేమ ఆవిరై గింజ పేలుతుంది, నూనె ఎగిరి మీద పడుతుంది. దంచి వేయడం రుచికే కాదు, ఒంటికీ మంచిది.

చారుది దీనికి తలకిందుల వ్యవహారం. అక్కడ కొవ్వు దాదాపు లేదు, ఉన్నదంతా నీళ్ళే. అందుకే మిరియాల చారులో మనం ఎక్కువగా ఆశించాల్సింది ఘాటు కన్నా వాసన. చిత్తూరు జిల్లా ఇళ్ళలో దీన్ని చారు అన్నా, రసం అన్నా చేసే పద్ధతి ఒక్కటే. చింతపండు పులుసులో మదనపల్లె టమాటా నలిపి, పసుపు, ఉప్పు వేసి పచ్చివాసన పోయేదాకా మరిగిస్తారు. మిరియం, జీలకర్ర, వెల్లుల్లి అప్పటికప్పుడు దంచి అందులో వేస్తారు. ఆ పొడి పడ్డాక చారు తెర్లకూడదు. అంచుల్లో నురగ లేచి పైకి పొంగబోయే క్షణంలో దించేయాలి. పావుగంట మరిగిస్తే వాసన వంటిల్లంతా కమ్ముకుంటుంది, గిన్నెలో మాత్రం మిగలదు. ఆఖర్న నేతి పోపు పెట్టడం అలంకారం కోసం కాదు. చారులో తేలే ఆ నాలుగు నేతి చుక్కలే ఘాటును పట్టుకుని నాలుక దాకా తెస్తాయి. ప్యాకెట్ రసం పొడితో చేసిన చారుకు ఎన్ని మెరుగులు దిద్దినా ఆ వాసన రాకపోవడానికి కారణం, పొడి కొట్టి నెలలు గడిచాక దానిలో ఎగిరిపోవాల్సిందంతా ఎగిరిపోయి ఉండడమే.

దద్దోజనంలో మిరియం పని ఇంకా సున్నితం. పెరుగు, పాలు కలిసిన చల్లటి అన్నంలో పచ్చిమిరప మంట నాలుక మీద విడిగా నిలబడుతుంది. మిరియం మాత్రం పెరుగులోని వెన్నలో కలిసి గొంతు దగ్గర వెచ్చగా తగులుతుంది. నాటుకోడి, మాంసం కూరల్లో అయితే మిరియాలపొడిని చివర్లో, కూర దగ్గరపడ్డాక వేయడం ఈ ప్రాంతంలో మామూలే. ఎముకల రసానికీ అంతే. కోడిగుడ్డు అట్టు మీద చల్లే చిటికెడు గురించి చెప్పాల్సిన పనిలేదు.

రకాల గురించి ఒక మాట. నల్ల మిరియం, తెల్ల మిరియం, పచ్చి మిరియం ఒకే తీగవి. పచ్చి కాయలు కోసి, మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి ఎండబెడితే నల్ల మిరియాలు. వంద కిలోల పచ్చి కాయలకు మూడో వంతు, అంటే 33 కిలోలకు కాస్త అటూఇటూ ఎండు మిరియాలు వస్తాయి. పండిన కాయల తోలు తీసేస్తే తెల్ల మిరియాలు. తెల్లవాటిలో ఘాటు ఉంటుంది, తోలుతోపాటు వాసన చాలావరకు పోతుంది. మూలికల అంగళ్ళలో అమ్మే చలవ మిరియాలు మాత్రం వేరే మొక్కవి, చిన్న తోక ఉంటుంది. వాటిని మామూలు మిరియాలకు బదులు వాడుకోకూడదు. అన్నట్టు, భోజనం చివర వేసుకునే తమలపాకు తీగా, ఆయుర్వేదం వాడే పిప్పలీ మిరియానికి దగ్గరి చుట్టాలే.

ఒంట్లో ఏం చేస్తుంది?

మిరియం మేళ్ళ గురించి చెప్పే ప్రతి వ్యాసంలోనూ ఒక పోషకాల పట్టిక ఉంటుంది. వంద గ్రాముల మిరియంలో ఇంత ఇనుము, ఇంత మాంగనీసు, ఇంత పీచు అని. అంకెలు నిజమే. వంద గ్రాముల మిరియాలు తినేవాళ్ళు మాత్రం ఎక్కడా ఉండరు. ఒక మనిషి విస్తట్లోకి వచ్చేది ఒక గ్రాము, మహా అయితే రెండు. ఆ లెక్కన ఇనుము కోసం మిరియాలు తినడం కన్నా గుప్పెడు తోటకూర తినడం నయం. మిరియం విలువ దాని పోషకాల్లో లేదు.

ఉన్నది పైపెరిన్ చేసే ఒక ప్రత్యేకమైన పనిలో. మనం తిన్న చాలా పదార్థాలను, మందులను పేగు గోడ, కాలేయం అడ్డగించి, రూపు మార్చి బయటికి పంపేస్తుంటాయి. అలిపిరి టోల్‌గేటు దగ్గర ప్రతి బండినీ ఆపి తనిఖీ చేసినట్టే ఇదీ జరుగుతుంది. పైపెరిన్ ఆ తనిఖీ చేసే ఎంజైములను కాసేపు మందగింపజేస్తుంది. దాంతో మామూలుగా వెనక్కి పోవాల్సినవి రక్తంలోకి దాటిపోతాయి. పసుపులోని కర్క్యుమిన్ విషయంలో దీన్ని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు చూపించారు. మనుషులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. దానికి 20 మిల్లీగ్రాముల పైపెరిన్ కలిపి ఇస్తే ఒంటికి అందిన మోతాదు 2,000 శాతం పెరిగింది.

మిరియం గురించి ప్రపంచమంతా తిరుగుతున్న అంకె ఇదే. పసుపు పాలలో మిరియం వేయమని చెప్పేవాళ్ళందరికీ ఆధారం ఇదే. అయితే లెక్క వేసి చూడాలి. ఒక మిరియం బరువు సుమారు 50 మిల్లీగ్రాములు, అందులో పైపెరిన్ 3 మిల్లీగ్రాముల దాకా. అంటే 20 మిల్లీగ్రాములకు ఏడెనిమిది గింజలు చాలు, అది వంటింటి మోతాదే. కర్క్యుమిన్ సంగతి వేరు. పసుపులో అది 3 శాతం చుట్టూ ఉంటుంది. 2 గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు తినాలి. పాలలో వేసుకునేది అర చెంచా, అంటే ఒకటిన్నర గ్రాములు. పైగా రక్తంలో దాదాపు లేనిది ఇరవై రెట్లు పెరిగినా పెద్ద మొత్తం కాదు. మిరియాల పాలు గొంతుకు హాయినిస్తాయి, తాగవచ్చు. అవి రోగాలు నయం చేస్తాయని ఆ 1998 పరిశోధన ఎక్కడా చెప్పలేదు. ఒంటికి ఎంత అందిందో మాత్రమే కొలిచింది.

ఇదే గుణాన్ని మన దేశంలో సూటిగా వైద్యానికి వాడిన సందర్భం ఒకటి ఉంది. దానికి మాత్రం తగినంత ప్రచారం రాలేదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మందుతో పైపెరిన్ కలిపితే తక్కువ మందుతోనే అదే ఫలితం వస్తుందని జమ్మూలోని సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) ప్రయోగశాల గుర్తించింది. కాడిలా ఫార్మా 2009లో రిసోరిన్ పేరుతో ఆ మాత్రను తెచ్చింది. మామూలుగా 450 మిల్లీగ్రాములుండే రిఫాంపిసిన్ అందులో 200 మాత్రమే, దానికి 10 మిల్లీగ్రాముల పైపెరిన్ తోడు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమపాళ్ళలో కలిపిన త్రికటు చూర్ణాన్ని ఆయుర్వేదం ఎన్నో మందుల్లో చేరుస్తుంది. ఆ మూడింటిలో రెండిటికి పైపెరిన్ ఉంది. పూర్వపు వైద్యులకు ఎంజైముల సంగతి తెలిసే అవకాశం లేదు గానీ, ఈ చూర్ణం తోడైతే మందు బాగా పనిచేస్తుందన్న అనుభవం ఉండి ఉండాలి.

మందును పెంచే గుణమే ప్రమాదం కూడా. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి, గుండె దడకు వాడే ప్రొప్రనలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ పైపెరిన్ తోడైతే రక్తంలో పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. డాక్టరు రాసిన మోతాదు ఒకటి, ఒంట్లోకి చేరేది ఇంకొకటి అవుతుంది. రెండు ముద్దల పొంగలితో ఇలాంటి ప్రమాదం వస్తుందని భయపడనక్కర్లేదు. ఇబ్బంది ఆన్‌లైన్లో దొరికే ‘పసుపు-మిరియం సారం’ మాత్రలతోనే. అమెరికాలో పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్యులు 2022లో ప్రచురించారు, వాటిలో మిరియాల సారం కలిపిన మాత్రలూ ఉన్నాయి. ‘ఇంట్లో వాడేదే కదా’ అన్న నమ్మకంతో ఈ మాత్రలను డాక్టరుకు చెప్పకుండా వేసుకునేవాళ్ళే ఎక్కువ. వంటింటి దినుసును సారం తీసి మాత్రలో కూరితే అది ఇక వంటింటి దినుసు కాదు, మందు. మందులాగే చూడాలి.

మిగతా మేళ్ళ గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జీర్ణశక్తికి మంచిదన్న మాటలో కొంత ఆధారం ఉంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పనిలో పైపెరిన్ జీర్ణరసాల ఎంజైములను పెంచింది. నోరూరడం, ముక్కు కారడం అందరికీ అనుభవమే. జలుబు చేసినప్పుడు మిరియాల చారు తాగితే ముక్కు తెరుచుకున్నట్టుండేది అందుకే. అది ఉపశమనం, వైరస్‌ను చంపడం కాదు. మిరియాలపొడి తేనెలో కలిపి నాకించడం మనవైపు బాగా అలవాటు. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. బరువు తగ్గడం, క్యాన్సర్ గురించిన మాటలు ఎక్కువగా ప్రయోగశాలలో కణాల మీద, ఎలుకల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. మనుషుల విషయంలో అంత ధైర్యంగా చెప్పడానికి లేదు.

ఎవరూ పెద్దగా మాట్లాడని మేలు ఉప్పు దగ్గర ఉంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊరగాయ, అప్పడం, కారప్పొడి లేకుండా ముద్ద దిగని మన ఇళ్ళలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. బీపీ ఉందని ఉప్పు తగ్గిస్తే వంట చప్పబడుతుంది, నాలుగు రోజుల్లో అందరూ పాత పద్ధతికి వచ్చేస్తారు. చారులో, పప్పులో, గుడ్డు మీద తాజాగా దంచిన మిరియం వేస్తే ఉప్పు కొంత తగ్గినా నాలుక అంతగా గోల చేయదు. ఇందులో అద్భుతమేమీ లేదు కాబట్టే ఇది ఫోన్లలో తిరగదు. మనిషికి నిజంగా పనికొచ్చేది మాత్రం ఇదే కావచ్చు.

కడుపులో పుండ్లు, పులితేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్ళు మిరియం తగ్గించుకోవాలి. మిరప మాని మిరియం వాడితే కడుపుకు చలవ అన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. నరాల మీద రెండూ ఒకే ద్వారాన్ని తడతాయి, మిరియం తట్టుడు మెల్లగా ఉంటుంది, అంతే. పరగడుపున గింజలు మింగడం వీళ్ళకు అసలే పనికిరాదు. గర్భిణులు వంటలో వాడే మిరియం గురించి దిగులుపడనక్కర్లేదు, మాత్రల రూపంలో మాత్రం వద్దు.

కొనేటప్పుడు

మిరియాలు ఖరీదైన సరుకు కాబట్టి కల్తీ కూడా పాతదే. ఎండిన బొప్పాయి గింజలు చూపుకు మిరియాల్లాగే ఉంటాయి. దగ్గరగా చూస్తే అవి కోలగా, ముడతలు పడి, కాస్త ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో కనిపిస్తాయి. మిరియం గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. గ్లాసు నీళ్ళలో వేస్తే మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. తేలినదల్లా బొప్పాయి గింజే అనుకోకూడదు. సరిగా గింజ కట్టని తాలు మిరియాలూ తేలుతాయి. అయితే తాలుకు మిరియాల ధర ఇవ్వడం కూడా నష్టమే. గింజలు మరీ నిగనిగలాడుతుంటే ఇంకా అనుమానించాలి. మెరుపు కోసం మినరల్ ఆయిల్ పూసిన సరుకు మార్కెట్లో పట్టుబడిన సందర్భాలున్నాయి. కొద్దిగా అరచేతిలో నలిపితే జిడ్డు తెలుస్తుంది.

పొడిగా కొనడం కన్నా గింజలుగా కొనడం అన్ని విధాలా మేలు. పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు, వాసన ఎలాగూ మిగలదు. నిల్వలో మిరియానికి శత్రువులు తేమ, వెలుతురు. తేమ తగిలితే బూజు పడుతుంది. వెలుతురు సోకితే పైపెరిన్ ఘాటు లేని మరో రూపంలోకి మారిపోతుంది. కాబట్టి కిటికీ పక్కన అరలో అందంగా పేర్చిన గాజు సీసాల కన్నా అలమరలో మూసి ఉన్న పాత స్టీలు డబ్బాయే దీనికి మంచి చోటు. పొయ్యి పక్కన పెట్టుకున్న పోపులపెట్టెలో వారానికి సరిపడా గింజలు ఉంటే చాలు. చారుకైనా, గుడ్డుకైనా కావలసినప్పుడు నాలుగు గింజలు చిన్న రోట్లో వేసి దంచుకోవడానికి అర నిమిషం పడుతుంది.